ఎలక్ట్రోఫార్మింగ్‌తో బంగారు నగలు, వాచ్ కేసులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎలక్ట్రోఫార్మింగ్ నగ చేతిలోకి తీసుకున్నవాళ్లు మొదట అనే మాట, "ఇంత పెద్దది ఇంత తేలికగా ఉందేంటి?" ఆ వెంటనే వచ్చే అనుమానం, "ఇది అసలు బంగారమేనా?" రెండింటికీ జవాబు లోపల బోలుగా ఉండే ఆ నగ గోడ మందంలోనే ఉంది. కింది ప్రశ్నల్లో చాలావాటిలో ఆ మాట వస్తుంది. కొనేవాళ్ల సందేహాలు, చేసేవాళ్ల సందేహాలు విడదీయకుండా కలిపే రాశాను. నగ ఎలా తయారవుతుందో తెలిస్తే తప్ప ఏం చూసి కొనాలో తెలియదు మరి.

ఎలక్ట్రోఫార్మింగ్ అంటే ఏమిటి?

బంగారం కరిగి ఉన్న ద్రావణంలో ఒక అచ్చును ముంచి, కరెంటు పంపి, దాని మీద బంగారాన్ని మెల్లగా పేరుకునేలా చేస్తారు. పొర తనంతట తాను నిలబడేంత మందం వచ్చాక లోపలి అచ్చును కరిగించి తీసేస్తారు. మిగిలేది బోలుగా ఉన్న బంగారు వస్తువు. ఇందులో కొట్టడం, పోత పోయడం, రేకు వంచడం ఏవీ ఉండవు. ద్రావణంలోని బంగారు అయాన్లు అచ్చు ఉపరితలం మీద ఎలక్ట్రాన్లు అందుకుని లోహంగా మారతాయి. అలా అణువు పక్కన అణువు చేరి గోడ పెరుగుతుంది.

మరి గిల్టు నగకీ దీనికీ తేడా ఏముంది? రెండూ కరెంటుతో చేసేవే కదా?

పద్ధతి ఒకటే, వస్తువు వేరు. పూత పని అంటే రాగి, ఇత్తడి, వెండి లాంటి లోహంతో చేసిన నగ మీద పల్చటి బంగారు పొర వేయడం. మామూలు పూతలు ఒక మైక్రాన్ కంటే తక్కువ నుంచి కొన్ని మైక్రాన్ల వరకు ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అక్కడ బలం, ఆకారం, బరువు అన్నీ లోపలి లోహానివి. రంగు మాత్రమే బంగారానిది.

ఎలక్ట్రోఫార్మింగ్‌లో లోపల ఇంకేమీ మిగలదు. గోడ సాధారణంగా 100 నుంచి 200 మైక్రాన్ల దాకా ఉంటుంది. మామూలు ప్రింటింగ్ కాగితం మందం సుమారు 100 మైక్రాన్లు, దాంతో పోల్చి చూసుకోండి. పల్చనిదే, కాదనను. కానీ ఆ గోడ మొత్తం, లోపలి నుంచి బయటి దాకా, బంగారమే. కాబట్టి ఇలాంటి నగను గిల్టు కింద జమకట్టడం అన్యాయం. అలాగని దాన్ని లోపలంతా బంగారంతో నిండిన గట్టి నగతో సమానమని అమ్మడమూ తప్పే.

దీన్ని ఎవరు కనిపెట్టారు?

1838లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మోరిట్జ్ జాకోబి ఈ పద్ధతిని ప్రకటించాడు. రాగి పలక మీద పేరుకున్న రాగి పొరను ఊడదీసి చూస్తే, పలక మీది గీతలన్నీ దాని మీద తిరగబడి అచ్చుపడ్డాయి. పొరను విడదీయవచ్చు, విడదీసిన పొర ఒక వస్తువు అవుతుంది అన్న ఆలోచన అక్కడ మొదలైంది. అంతకు కొన్నేళ్ల ముందే మైకేల్ ఫారడే, పేరుకునే లోహం బరువు పంపిన విద్యుత్తుకు అనుపాతంలో ఉంటుందని తేల్చాడు. ఈ రోజుకీ నగ బరువును లెక్కగట్టేది ఆ సూత్రంతోనే. 1840లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్‌లు సైనైడ్ ద్రావణాలతో బంగారు, వెండి పూతలకు పేటెంటు తీసుకున్నారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని సెయింట్ ఐజాక్ కెథెడ్రల్ శిల్పాల్లో కొన్నింటిని రాగితో ఈ పద్ధతిలోనే చేశారు. గ్రామఫోన్ రికార్డులు ఒత్తే నికెల్ అచ్చులు కూడా ఇలా పెరిగినవే.

నగ మొదటి నుంచి చివరిదాకా ఎలా తయారవుతుంది?

ముందు అసలు నమూనా చేస్తారు, చేత్తో గానీ త్రీడీ ప్రింటర్‌తో గానీ. దాని మీద సిలికాన్ రబ్బరు మూస తీసి, అందులో మైనం పోసి, ఒకే రకం మైనపు బొమ్మలు కావలసినన్ని తీసుకుంటారు. మైనానికి బదులు తక్కువ వేడికి కరిగే మిశ్రమలోహం వాడేవాళ్లూ ఉన్నారు. తగరం, బిస్మత్ కలిసిన ఒక మిశ్రమం 138 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది.

మైనం గుండా కరెంటు పోదు. అందుకని వెండి పొడి కలిపిన లక్కరును, అంటే వార్నిష్ లాంటి పూతను, దాని మీద పల్చగా, ఎక్కడా ఖాళీ లేకుండా పట్టిస్తారు. పనంతటిలో నేను ఎక్కువ శ్రద్ధ పెట్టాలనేది ఇక్కడే. ఆకు ఆకారంలో ఉన్న లాకెట్టు అనుకుందాం. ఈనెకూ ఆకుకూ మధ్య ఉండే సన్నటి మూలలో గాలిబుడగ ఉండి లక్కరు అంటలేదంటే, ఆ చోట బంగారం పేరుకోదు. మర్నాడు నగ బయటికి తీస్తే సూదిమొన అంత రంధ్రం. లక్కరు ఎక్కువై గడ్డకట్టిందా, ఆ గడ్డ బంగారంలోకి ఎక్కి బొడిపెగా కనిపిస్తుంది. అందుకే లక్కరు ఆరాక ఒక్కో ముక్కనూ భూతద్దం కింద తిప్పి చూస్తారు.

చాలా చోట్ల లక్కరు మీద ముందు పల్చటి రాగి పొర వేస్తారు. కాపర్ సల్ఫేట్ బాత్‌కు (పూత వేసే ద్రావణాన్ని బాత్ అంటారు) చిన్న గీతలను కప్పి నున్నగా చేసే గుణం ఉంది, ఆ నునుపు తర్వాత బంగారానికి వస్తుంది. ఆ తర్వాత ముక్కలను ఫ్రేముకు తగిలించి బంగారు బాత్‌లో పెడతారు. బాత్ వెచ్చగా ఉంటుంది, ద్రావణం ఆగకుండా ఫిల్టర్ అవుతూ ఉంటుంది, ముక్కలు తిరుగుతూ ఉంటాయి. కావలసిన బరువు వచ్చాక తీసి, కనపడని చోట ఒకటి రెండు చిన్న రంధ్రాలు వేసి, వేడి చేసి మైనాన్ని కార్చేస్తారు. లోపలి రాగిని, వెండిని నైట్రిక్ ఆమ్లంతో కరిగిస్తారు.

తర్వాత కడగడం. కొత్తవాళ్లు తొందరపడేది ఇక్కడ. బోలు నగలో ఆమ్లం చుక్క మిగిలిపోతే అది నెలల తర్వాత రంధ్రం దగ్గర మరకగా ఊరుతుంది. వేడినీళ్లు, ధ్వని కంపనాలతో కడిగే అల్ట్రాసోనిక్ యంత్రం, మళ్లీ వేడినీళ్లు, ఆపైన ఓవెన్‌లో ఆరబెట్టడం. రంధ్రం ఒక్కటే ఉంటే నీళ్లు లోపలికి సరిగ్గా పోవు, పోయినవి సరిగ్గా రావు. అందుకే రెండు ఉండాలి. చివరగా మిశ్రమాన్ని బట్టి వేడిచేసి లోహం గట్టిదనాన్ని సరిచేయడం, కొక్కేలు అతకడం, మెరుగు పెట్టడం.

నిజంగా ఎంత బంగారం ఆదా అవుతుంది?

లెక్క వేసి చూద్దాం. 20 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గుండు తీసుకోండి. మేలిమి బంగారంతో గట్టిగా చేస్తే దాని బరువు సుమారు 81 గ్రాములు. అదే గుండును 150 మైక్రాన్ల గోడతో బోలుగా చేస్తే సుమారు 3.6 గ్రాములు. గోడను 100 మైక్రాన్లకు తగ్గిస్తే 2.4 గ్రాములకు దిగుతుంది, 200కి పెంచితే 4.8 దాకా వెళుతుంది.

చివరి రెండు అంకెలు మళ్లీ చూడండి. బయటికి మూడు గుండ్లూ ఒకేలా కనిపిస్తాయి. బరువు మాత్రం రెట్టింపు తేడా, సొట్ట పడకుండా తట్టుకునే శక్తిలో తేడా అంతకన్నా ఎక్కువ. "ఎన్ని గ్రాములు?" అని అడగడం మనకు అలవాటు. ఇక్కడ ఆ ప్రశ్న ఒక్కటే చాలదు. అదే 3.6 గ్రాములను ఇంకా పెద్ద ఆకారం మీద పరిచి పల్చటి గోడతో ఇవ్వవచ్చు. "గోడ ఎంత మందం? అన్నిటికంటే పల్చటి చోట ఎంత?" అని అడగండి. మంచి తయారీదారు దగ్గర ఈ రెండింటికీ జవాబు ఉంటుంది.

ఒక్కో నగకు ఎంతసేపు పడుతుంది?

సైనైడ్ బాత్‌లో బంగారం ఏకసంయోజక రూపంలో, అంటే ఒక్కో అయాన్ ఒక్క ఎలక్ట్రాన్ అందుకుంటే లోహంగా మారే రూపంలో, ఉంటుంది. అలాంటి బాత్‌లో ఒక ఆంపియర్ కరెంటు ఒక గంట పోతే, వృథా లేకుండా ఉంటే, 7.35 గ్రాముల బంగారం పేరుకుంటుంది. పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఉపరితలానికి అర ఆంపియర్ చొప్పున ఇస్తే గోడ గంటకు 19 మైక్రాన్లు పెరుగుతుంది. అంటే 150 మైక్రాన్లకు దాదాపు ఎనిమిది గంటలు. మిశ్రమలోహాలకు ఈ లెక్క మారుతుంది.

తొందరగా అవ్వాలని కరెంటు పెంచితే పొర గరుకుగా, పెళుసుగా వస్తుంది, అంచుల్లో మసిలా నల్లబడుతుంది. ఓపిక లేని పని ఇక్కడ పనికిరాదు. ఆంపియర్-గంటల మీటరు చూస్తూ, మధ్యలో ఒకసారి ముక్కను తూచి చూస్తే బరువు గురించి టెన్షన్ ఉండదు.

గోడ అన్నిచోట్లా ఒకే మందంగా వస్తుందా?

రాదు. ఈ పనిలో అసలు కష్టం ఇదే. కరెంటు బయటికి పొడుచుకొచ్చిన మొనల దగ్గర ఎక్కువగా, లోతైన గుంటల్లో తక్కువగా చేరుతుంది. అందువల్ల పువ్వు రేకుల అంచులు బొద్దుగా తయారవుతాయి, రెండు రేకులు కలిసే లోతులో గోడ పల్చగా ఉండిపోతుంది. సగటు 150 మైక్రాన్లు ఉన్నా ఆ లోతులో సగం కూడా లేకపోవచ్చు. విరిగేది అక్కడే.

దీనికి మందు చాలావరకు డిజైన్‌లోనే ఉంది. మొనలను కొంచెం గుండ్రం చేయాలి, ఇరుకు సందులను వెడల్పు చేయాలి, లోపలి మూలలకు వంపు ఇవ్వాలి. అది చేశాకే మిగతావి: ముక్కను అన్ని వైపులా తిప్పడం, మొనల దగ్గర అదనపు కరెంటును లాగేసుకునేలా తీగ పెట్టడం, అడ్డు పలకలు పెట్టడం, కరెంటును ఆపి ఆపి పంపడం. పోత పనికి గీసిన డిజైన్‌ను మార్చకుండా తెచ్చి బాత్‌లో దించితే ఎంత ఖరీదైన యంత్రమైనా దాన్ని కాపాడలేదు.

అనుమానం ఉంటే ఒక ముక్కను త్యాగం చేసి, రెజిన్‌లో పోసి, అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద గోడ కొలవండి. ఆ బంగారం ఎక్కడికీ పోదు, తిరిగి కరిగించుకోవచ్చు.

నగిషీ ఎంత స్పష్టంగా వస్తుంది?

అది గోడకు ఏ ముఖం మీకు కనిపిస్తుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. అచ్చును తాకిన ముఖం అచ్చులోని ప్రతి గీతనూ, మైక్రాన్ కంటే సన్నటి వాటిని కూడా, పట్టుకుంటుంది. బయటికి పెరిగిన ముఖం మీద సన్నటి వివరాలు కొంత మెత్తబడతాయి. మైనపు బొమ్మ మీద పెరిగిన నగలో మనం చూసేది బయటి ముఖం. కాబట్టి మైనంలో గీతలను కాస్త లోతుగా చెక్కుకోవాలి.

వాచ్ డయల్ లాంటి వాటిని తిరగేసిన అచ్చు మీద పెంచి, ఊడదీసి, అచ్చును తాకిన ముఖాన్నే పైకి పెడతారు. ఇసుకలాంటి నలుసు, చెట్టు బెరడు, అల్లిక లాంటి ఉపరితలాలు అంత పదునుగా కనిపించేది అందుకే. యంత్రంతో ఒక్కో డయల్ మీదా అవి చెక్కాలంటే చాలా శ్రమ. ఇక్కడ ఒక్క మంచి అచ్చు చాలు.

ఎన్ని క్యారెట్లలో చేయవచ్చు?

24 క్యారెట్లలో చేయవచ్చు, 18, 14, 8 క్యారెట్లలోనూ చేయవచ్చు. మిశ్రమం అంటే బంగారంతో పాటు వెండి గానీ రాగి గానీ ఒకే బాత్‌లోంచి ఒకేసారి పేరుకోవాలి. బంగారం-వెండి కాస్త పాలిపోయిన, ఆకుపచ్చ ఛాయ ఉన్న పసుపు రంగునిస్తుంది. అందుకే చాలామంది చివర్లో పైన మంచి రంగు పూత వేస్తారు. బంగారం-రాగి ఎర్రటి ఛాయనిస్తుంది.

చిక్కేమిటంటే, రెండు లోహాల పాళ్లు కరెంటు, వేడి, ద్రావణం కదలిక, బాత్‌లో వాటి మోతాదు వీటన్నిటితో మారిపోతాయి. మొన దగ్గర ఒక పాలు, గుంటలో ఇంకో పాలు రావచ్చు. 18 క్యారెట్లు అని ముద్ర వేయాలంటే మొత్తం ముక్క సగటున వెయ్యికి 750 పాళ్లు ఉండాలి. కాబట్టి జాగ్రత్తపరులు కాస్త ఎక్కువ బంగారం ఉండేలా బాత్ నడుపుతారు.

తక్కువ క్యారెట్లకు ఇంకో ఇబ్బంది ఉంది. లోపలి రాగిని కరిగించే నైట్రిక్ ఆమ్లం 14 క్యారెట్ల బంగారం-వెండి గోడను కూడా తినగలదు. 18 క్యారెట్లయితే బంగారు అణువుల వాటా ఎక్కువ కాబట్టి తట్టుకుంటుంది.

కాడ్మియం గురించి విన్నాను. భయపడాలా?

పాత రోజుల్లో బంగారం-రాగి-కాడ్మియం బాత్‌లు వాచ్ కేసులకు, నగలకు బాగా వాడేవారు. రంగు బాగుంటుంది, పొర నునుపుగా వస్తుంది. కానీ కాడ్మియం విషం. యూరోపియన్ యూనియన్ 2011 డిసెంబరు నుంచి నగల్లో, చేతి వాచీల్లో లోహ భాగాల బరువులో 0.01 శాతానికి మించి కాడ్మియం ఉండకూడదని నియమం పెట్టింది. అసలు ప్రమాదం రిపేరు చేసేవాళ్లకు. కాడ్మియం 767 డిగ్రీలకే మరుగుతుంది. పాత ముక్క మీద మంట పెడితే ఆ ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎక్కడిదో తెలియని పాత ఎలక్ట్రోఫార్మ్ వస్తువును పరీక్ష చేయించకుండా టంకం మంట కిందికి తేవద్దు, కరిగించవద్దు.

"హార్డ్ గోల్డ్" అని 24 క్యారెట్ నగలు వస్తున్నాయి. మేలిమి బంగారం మెత్తన కదా?

మెత్తనే. పోత పోసిన మేలిమి బంగారం, గట్టిదనాన్ని చెప్పే వికర్స్ కొలతలో, 20 నుంచి 30 మధ్య ఉంటుంది. బాత్‌లో తగిన పదార్థాలు కలిపి, కరెంటును అదుపులో పెట్టి, బంగారు స్ఫటికాలు చాలా సన్నగా ఏర్పడేలా చేస్తే స్వచ్ఛత వెయ్యికి 999 పాళ్లు ఉంటూనే గట్టిదనం దానికి మూడు నాలుగు రెట్లు అవుతుంది. ఇందులో మోసం లేదు. కానీ ఆ గట్టిదనం సన్నటి స్ఫటికాల వల్ల వచ్చింది. మంట తగిలితే అవి పెద్దవై, నగ మళ్లీ మెత్తబడుతుంది. హార్డ్ గోల్డ్ నగ మీద మామూలు టంకం పెట్టించారంటే దాన్ని పాడుచేసుకున్నట్టే. అతకాల్సి వస్తే లేజర్‌తో, ఆ ఒక్క చుక్క మాత్రమే వేడెక్కేలా అతకాలి.

వాచ్ కేసును మొత్తం ఇలా చేయవచ్చా?

ఆకారం వరకు చేయవచ్చు. కానీ వాచ్ కేసు మోసే పనులు నగ మోయదు. వెనక మూత బిగించడానికి మర ఉండాలి, నీళ్లు రాకుండా రబ్బరు రింగు కూర్చునే గాడి ఉండాలి, క్రౌన్ (టైము సరిచేసే పక్క బిరడా) గొట్టం కదలకుండా ఉండాలి, స్ట్రాప్ పట్టే కొమ్ములు లాగుడు తట్టుకోవాలి, అద్దం ఒత్తిడితో దిగాలి. 150 మైక్రాన్ల గోడలో మర తీయలేం.

అందుకని లోపల స్టీలుతోనో ఇత్తడితోనో ఒక చట్రం ఉంచి, దాని మీద బంగారు కవచం తొడగడం మేలైన మార్గం. బరువులు, బిగింపులు చట్రం చూసుకుంటుంది. రూపం, నగిషీ కవచానివి. పట్టీలా అల్లినట్టు కనిపించే కేసులు, చెట్టు బెరడు లాంటి గరుకు కేసులు, కొమ్ములు కేసులోంచే పూసినట్టు వంపు తిరిగే డిజైన్లు గట్టి బంగారంలో యంత్రంతో చెక్కి తీయాలంటే తరుగు విపరీతం. కవచంగా పెంచితే తరుగు దాదాపు ఉండదు.

ఇక్కడ కొలత కచ్చితంగా ఉండాలి. కవచం బయటికి పెరుగుతుంది కాబట్టి లోపలి కొలత అచ్చు కొలతే అవుతుంది. చట్రానికి అతికినట్టు కూర్చోవడానికి అది లాభం. కవచానికి, చట్రానికి మధ్య తడి చేరితే స్టీలో ఇత్తడో లోపల తుప్పు, చిలుము పట్టవచ్చు. అతుకు అంచు పూర్తిగా మూసుకోవాలి. చట్రం చర్మానికి తగిలే చోట, కొందరి చర్మానికి పడని నికెల్ సంగతీ చూసుకోవాలి. యూరప్‌లో చర్మానికి ఎక్కువసేపు తగిలే వస్తువులు వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ నికెల్ వదలకూడదు.

ఇంకో సంగతి, ఇది నేను ఎంతో ఇష్టంగా చెప్పేది: వాచ్ లోపలి అతి చిన్న భాగాలు కూడా ఇలా పెరుగుతున్నాయి. కాంతితో గీసిన మూసల్లో నికెల్-ఫాస్ఫరస్‌ను పెంచి పళ్ల చక్రాలు, మీటలు చేస్తారు. కోసి చేయలేని సన్నటి ఆకారాలు అలా సాధ్యమయ్యాయి.

మా పాత వాచ్ వెనక "20 మైక్రాన్లు" అని ఉంది. అది ఎలక్ట్రోఫార్మింగేనా?

కాదు. అది లోపలి లోహం మీద వేసిన మందపాటి బంగారు పూత. పూతగా చూస్తే మంచిదే, చాలా ఏళ్లు వస్తుంది. అయినా కొమ్ముల అంచుల్లో అరిగి లోపలి లోహం కనపడటం సహజం.

రాళ్లు, ముత్యాలు పొదగవచ్చా?

పల్చటి గోడ నుంచి తీసిన పళ్లు రాయిని పట్టుకోలేవు. రాతి గూడును విడిగా పోతపోసి, రాయి పొదిగి, లేజర్‌తో నగకు అతకాలి. ముత్యాన్ని, పగడాన్ని బాత్ దగ్గరికీ ఆమ్లం దగ్గరికీ రానివ్వకూడదు, ఆమ్లంలో అవి కరిగిపోతాయి. అన్నీ అయ్యాక చివర్లోనే వాటి వంతు.

సొట్ట పడితే సరిచేస్తారా?

చాలాసార్లు కుదరదు. రేకు నగకు వెనక నుంచి పుల్ల పెట్టి నెట్టవచ్చు, మూసుకుపోయిన బోలు నగకు ఆ దారి లేదు. పైనుంచి సన్నటి తీగను లేజర్‌తో అతికించి, మెల్లగా లాగి, తీగ కోసేసి మెరుగు పెట్టేవాళ్లు ఉన్నారు. ఓపిక, నైపుణ్యం రెండూ కావాలి. పగుళ్లకు లేజర్ టాకా వేస్తారు. ఉంగరం సైజు మార్చడం మాత్రం వదిలేసుకోండి.

ఏ నగలకు ఈ పద్ధతి సరిపోతుంది?

చెవి నగలకు ఇంతకంటే మంచిది లేదని నా అభిప్రాయం. పెద్దగా కనపడాలి, చెవి తమ్మె సాగకూడదు, దెబ్బలు తక్కువ తగులుతాయి. లాకెట్లు, పెద్ద గుండ్ల హారాలు, బ్రోచీలు కూడా చక్కగా కుదురుతాయి. గాజులకైతే గోడ మందంగా ఉండాలి. రోజూ పెట్టుకునే ఉంగరానికి నేను వద్దంటాను. తలుపు గడియలు, గిన్నెలు, బండి హ్యాండిళ్లు అన్నీ ముందు తగిలేది దానికే.

లోపల రెజిన్ లాంటివి నింపితే గట్టిగా ఉంటుంది కదా?

ఉంటుంది. కానీ బంగారం బరువుకు తూచి అమ్మే వస్తువులో వేరే బరువు చేరుతుంది. నింపితే నింపినట్టు రాసి, బంగారం బరువు విడిగా చెప్పి అమ్మాలి. నింపకుండా గోడ మందం పెంచడమే నిజాయితీగల దారి.

స్వచ్ఛత ఎలా పరీక్షిస్తారు?

ఎక్స్‌రే యంత్రం పైన కొన్ని మైక్రాన్ల లోతును మాత్రమే చూస్తుంది. పైన 22 క్యారెట్ల రంగు పూత ఉన్న 14 క్యారెట్ల నగ దాని ముందు మంచి మార్కులే తెచ్చుకోగలదు. మొత్తం పాళ్లు తెలియాలంటే ఒక ముక్కను పూర్తిగా కరిగించి అగ్ని పరీక్ష చేయాలి. సీసంతో కలిపి కరిగించి, మిగతా లోహాలను వేరుచేసి, మిగిలిన బంగారాన్ని తూచే ఈ పాత పద్ధతికి నేటికీ తిరుగులేదు. తయారీలో ప్రతి విడత నుంచీ ఒక ముక్కను దీనికి పంపాలి.

ఇంట్లో చేసుకోవచ్చా?

బంగారంతో వద్దు. ఇందులో సర్దుబాటు లేదు.

మామూలు బంగారు బాత్‌లో వాడేది పొటాషియం గోల్డ్ సైనైడ్. బరువులో 68 శాతం బంగారమే, మిగతాదాంట్లో ప్రాణం తీసే సైనైడ్. ఆ ద్రావణంలో ఆమ్లం పడితే హైడ్రోజన్ సైనైడ్ వాయువు వస్తుంది. దాని వాసన కొందరికి పుట్టుకతోనే తెలియదు. నగ పనిలో నైట్రిక్ ఆమ్లమూ ఉంటుందని పైన చూశారు. రెండూ ఒకే గదిలో, ఒకే సింకు దగ్గర ఉండటం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. వర్క్‌షాపుల్లో వీటికి వేర్వేరు గదులు, వేర్వేరు డ్రెయిన్లు, గాలి లాగే హుడ్లు, విరుగుడు మందు, ఒంటరిగా ఎవరూ పనిచేయకూడదన్న నియమం ఉంటాయి. వాడిన సైనైడ్ నీటిని క్షారంగా ఉంచి, క్లోరిన్‌తో విరగ్గొట్టాకే బయటికి పంపాలి.

డబ్బు సంగతి కూడా ఉంది. లీటరుకు 10 గ్రాముల బంగారం ఉండే 50 లీటర్ల బాత్ అంటే అర కిలో బంగారం ఎప్పుడూ ట్యాంకులోనే ఉండిపోతుంది.

నేర్చుకోవాలని ఉంటే రాగితో మొదలుపెట్టండి. లీటరుకు సుమారు 200 గ్రాముల కాపర్ సల్ఫేట్, 50 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆమ్లం, రాగి ఆనోడ్ (సప్లై ప్లస్ వైపు తగిలించే రాగి పలక), అదుపు చేయగల డీసీ సప్లై ఉంటే చాలు. ఎండుటాకు మీద కరెంటు పోనిచ్చే కండక్టివ్ పెయింటు వేసి దించితే, చదరపు డెసిమీటరుకు (పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు) ఒక ఆంపియర్ దగ్గర గంటకు 13 మైక్రాన్ల చొప్పున రాగి పెరుగుతుంది. మొనలు బొద్దవడం, గుంటలు పల్చబడటం కళ్లారా చూస్తారు. గాగుల్స్, గ్లోవ్స్ తప్పనిసరి. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. ఇలా చేసిన దాని మీద బంగారు పూత వేయిస్తే అందంగానే ఉంటుంది. కానీ అది బంగారు పూత వేసిన రాగి నగ, ఆ పేరుతోనే అమ్మండి.

సైనైడ్ లేని బాత్‌లు లేవా?

గోల్డ్ సల్ఫైట్ బాత్‌లు ఉన్నాయి. పొర సాగే గుణంతో వస్తుంది, గుంటల్లోకీ బాగానే చేరుతుంది. కాకపోతే వాటిని క్షారంగా ఉంచాలి, ఆమ్లగుణం వైపు జారితే బంగారం ద్రావణంలోనే విరిగి అడుగుకు చేరుతుంది. ప్రతిరోజూ చూసుకోవాల్సిన బాత్ అది. పనివాళ్ల ప్రాణానికి ఉన్న విలువ ముందు ఆ శ్రమ ఎక్కువేమీ కాదు.

ఎలా శుభ్రం చేసుకోవాలి?

గోరువెచ్చని నీళ్లు, మెత్తటి సబ్బు, మెత్తటి బ్రష్. గట్టిగా నొక్కవద్దు. రంధ్రాలు తెరిచి ఉన్న నగ అయితే నీళ్లలో నానబెట్టకుండా తుడిచి, రంధ్రం కిందికి ఉండేలా ఆరబెట్టండి. విడిగా, గట్టి డబ్బాలో పెట్టండి. సొట్టలు పడేది ఒంటి మీద ఉన్నప్పుడే కాదు, బ్యాగులో ఇతర నగల కింద నలిగినప్పుడు కూడా.

మళ్లీ అమ్మితే విలువ వస్తుందా?

కరిగిస్తే అందులో ఉన్న బంగారానికి విలువ వస్తుంది, ఏ క్యారెట్ అయితే ఆ లెక్కన. తయారీకి ఇచ్చిన మజూరి తిరిగి రాదు. గ్రాముకు చూసుకుంటే ఇక్కడ మజూరి వాటా గట్టి నగ కంటే ఎక్కువే, ఎందుకంటే తక్కువ బంగారం మీద ఎక్కువ గంటల పని ఉంది. దాచుకోవడానికి కొనేవాళ్లు గట్టి బంగారమే కొనాలి. కొనేటప్పుడు క్యారెట్, బంగారం నికర బరువు, గోడ మందం, రంగు పూత ఉందా లేదా, లోపల ఏమైనా నింపారా అనేవి బిల్లు మీద రాయించుకుంటే, అమ్మే రోజున ఎవరితోనూ వాదించాల్సిన పని ఉండదు.